చట్టానికి సాక్ష్యం చెప్పేదెవరు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పల్లెల్లో లైసెన్సు లేకుండా మద్యం అమ్మే బెల్టు షాపుల గురించి మీ లేఖల శీర్షికలో కొన్ని వారాలుగా సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. జనం మద్దతు లేని చట్టాన్ని ఏ ప్రభుత్వమూ అమలు చేయలేదు కనుక అటువంటి చట్టాలను తీసివేయడమే మేలని ఒక పాఠకుడు రాశారు. లాఠీ గట్టిగా ఉంటే జనం మద్దతుతో పని లేదని, నలుగురిని జైలుకు పంపితే ఊరంతా దారికి వస్తుందని మరొకరు జవాబిచ్చారు. ఉమ్మడి వరంగల్ జిల్లా కోర్టుల్లో 30 ఏళ్లకు పైగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం బెంచి క్లర్కుగా మేజిస్ట్రేటు గారి ముందు కూర్చుని, బోనెక్కిన వారి మాటలన్నీ విన్నవాణ్ని కనుక, ఈ రెండు ఉత్తరాల్లోనూ ఒక మనిషి జాడ లేదని చెప్పాలనిపించింది. ఆ మనిషి సాక్షి.

చట్టం చేసేది శాసనసభ, కేసు పెట్టేది పోలీసులు, తీర్పు చెప్పేది న్యాయమూర్తి. కాని జరిగింది జరిగినట్టు వచ్చి చెప్పవలసినవాడు మాత్రం పక్కింటివాడే. సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతంలో ఉండే ఇద్దరు గౌరవనీయులైన వ్యక్తులను పిలిచి, వారి ఎదుటే సరుకు స్వాధీనం చేసుకోవాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నియమం అలాగే ఉంది. ఆ ఇద్దరినే మన దగ్గర పంచులని, మధ్యవర్తులని అంటాం. గుడుంబా, అంటే బెల్లం పానకం పులియబెట్టి కాసే నాటుసారా కేసుల్లో నేను చూసినంతవరకు పంచనామా చక్కగానే ఉండేది. ఇన్ని లీటర్ల బెల్లం పానకం పారబోశాం, ఇన్ని లీటర్ల సారా పట్టుకున్నాం, నమూనా సీసాకు సీలు వేశాం, మధ్యవర్తులు విని సంతకాలు చేశారు అని వరుసగా రాసి ఉండేది. విచారణ రోజు ఆ మధ్యవర్తే బోనెక్కి, సంతకం తనదేనని, కాగితంలో ఏముందో మాత్రం తెలియదని, స్టేషన్‌కు పిలిస్తే పోయి సంతకం పెట్టానని చెప్పేవాడు. ప్రాసిక్యూటర్ గారు లేచి సాక్షి అడ్డం తిరిగాడని కోర్టుకు విన్నవించి, నాలుగు ప్రశ్నలు వేసి కూర్చునేవారు. ఇక మిగిలేది ఎక్సైజు సిబ్బంది చెప్పే మాట ఒక్కటే. చాలా కేసులు అక్కడే సంశయలాభం కింద కొట్టుడుపోయేవి.

అటువంటి సాక్షుల్లో ఒకాయన నాకు ఇప్పటికీ గుర్తు. నర్సంపేట వైపు పల్లె, కిరాణా కొట్టు నడిపే మనిషి, అప్పటికే 50 దాటి ఉంటాయి. సాక్ష్యం ముగిశాక వరండాలో కుండ దగ్గర, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచుకుని తాగుతున్నాడు. చెయ్యి వణికి గ్లాసు అంచు పళ్లకు తగులుతోంది. నేనేమీ అడగలేదు. ఆయనే నా వైపు తిరిగి అన్నాడు: “సారూ, ఆ పానకం నా కండ్ల ముంగట్నే పారబోసిండ్రు. అబద్ధమే చెప్పిన. కని పొద్దుగాల లేస్తే వాళ్ల ఇంటి ముంగట్నుంచే నేను కొట్టుకు పోవాలె. పొద్దూకినంక మీరంత వరంగల్ల ఉంటరు, నేనాడ ఉంట.”

ఆయన గుడుంబాను సమర్థించే మనిషి కాదు. ఆయన కొట్టులో అరువు తీసుకునే కూలీల సంపాదన ఎటు పోతోందో ఆయన కంటే బాగా ఎరిగినవారు ఆ ఊళ్లో ఎవరూ ఉండి ఉండరు. ఇంటింటికీ తిరిగి అభిప్రాయం అడిగితే ఆయన పేరు చట్టానికి మద్దతిచ్చేవారి లెక్కలోనే పడుతుంది. బహుశా ఆ ఊరిలో ముప్పాతిక మంది పేర్లు ఆ లెక్కలోనే పడతాయి. అయినా కేసు నిలవలేదు. కాబట్టి చట్టానికి జనం మద్దతు కావాలా అని అడిగేటప్పుడు, మద్దతు అంటే మనసులో ఉండే ఇష్టమా, లేక దాని కోసం ఒక మనిషి ఊళ్లో ఎదుర్కోవడానికి సిద్ధపడే కష్టమా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇష్టం చాలామందికి ఉంటుంది. కష్టానికి నిలబడే పదిమంది ఉంటే చట్టం నడుస్తుంది. వాళ్లు లేకపోతే ఎంత బందోబస్తు పెట్టినా నడవదు.

హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే రోడ్డు మీద ఈ తేడా రోజూ చూస్తాం. ముందు పోలీసుల తనిఖీ ఉంటే ఎదురుగా వచ్చే బండ్లవాళ్లు హెడ్‌లైటు ఆర్పి వెలిగించి, ముక్కూ మొహం తెలియని వాళ్లకు సైగ చేస్తారు. అప్పటిదాకా మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ తలకెక్కుతుంది, మలుపు దాటగానే మళ్లీ దిగుతుంది. తల పగిలితే తామే పోతామని అందరికీ తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తప్పని ఎవరూ అనరు. కేంద్రం 2019లో జరిమానాలు బాగా పెంచి సెప్టెంబరు 1 నుంచి అమలు చేయమంటే, గుజరాత్ ప్రభుత్వం పది రోజులకే వాటిలో చాలావాటిని తగ్గించింది. ప్రాణం కాపాడే నియమం విషయంలో కూడా దారిన పోయేవాళ్లంతా పోలీసులకు వ్యతిరేకంగా ఒక్కటవుతున్నారంటే, భయం ఒక్కటే చట్టాన్ని నడపలేదని రెండో పాఠకుడు గమనించాలి.

ఇక మొదటి పాఠకుడికి చెప్పవలసింది ఎక్కువ ఉంది, దానికి మన గడ్డ చరిత్రే చాలు. వెట్టిని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వమే ఆజ్ఞలు జారీ చేసింది. అప్పు కింద ఏళ్ల తరబడి జీతం చేసే భగేలాల కోసం 1936లో ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది. ఆ కాగితాలు హైదరాబాదు దఫ్తరుల్లో ఉన్నాయి, దొరల కోటల్లాంటి ఇళ్లైన గడీల ముందు మాత్రం వెట్టి నడుస్తూనే ఉంది. ఊరి మీద పెత్తనం ఎవరిదో, పట్వారీ, పోలీసు పటేలు ఎవరి మనుషులో తెలిసిన చాకలి, కుమ్మరి, మాదిగలు ఆ ఆజ్ఞలు పట్టుకుని ఎవరి దగ్గరికి పోతారు? ఆంధ్ర మహాసభ కార్యకర్తలు ఊరూరా సంఘం పెట్టి, వెట్టి చేయనక్కర లేదని చెప్పి, వద్దన్నవాడి వెనక పదిమందిని నిలబెట్టిన తర్వాతనే ఆ పాత కాగితాలకు విలువ వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. ఆ తర్వాత సంఘం బలంగా ఉన్న ఊళ్లలో వెట్టి చేయించగలిగినవాడు లేకపోయాడు. ఇందులో “విస్తృత ప్రజామద్దతు” అనే మాటను ఎలా లెక్క కడతాం? గడీలు ఒప్పుకోలేదు, అధికారుల్లో చాలామంది ఒప్పుకోలేదు, చేతిలో పెత్తనం ఉన్నవాడు ఒక్కడూ ఒప్పుకోలేదు. ఎవరి వీపు మీద ఆ భారం ఉందో వాళ్లు కలిసి కాదన్నారు. పదేళ్లుగా దఫ్తరులో పడి ఉన్న కాగితం చేయలేని పనిని ఆ ఒక్క మాట చేసింది.

మద్యం సంగతీ అంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన ఉద్యమంలో ఆడవాళ్లు సారా వేలం పాటలు జరగనివ్వలేదు. ఆ వేడి మన పల్లెలనూ తాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్టీ రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం చేయగా, అది 1995 జనవరి 16న అమల్లోకి వచ్చి, 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం చేతిలో పోయింది. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు రావడం, ఖజానాకు రాబడి పోవడం కారణాలుగా చెప్పారు, అవి అబద్ధాలూ కావు. అయితే నాకు తోచిన కారణం ఇంకొకటి ఉంది. వేలం పాటలను ఆపిన ఆడవాళ్లే నిషేధానికి కాపలాదారులుగా ఉండవలసింది. సంతకం అయిపోగానే వాళ్లను మేలు పొందినవారిగా చూసి ఇంటికి పంపించి, అమలు మొత్తం ఒక శాఖ చేతిలో పెట్టారు. శాఖ కేసులు పెట్టింది, కేసులు మా కోర్టుకు వచ్చాయి, సాక్షులు అడ్డం తిరిగారు. అమెరికా 1920 నుంచి 1933 దాకా రాజ్యాంగాన్నే సవరించి మద్యాన్ని నిషేధించి, చివరికి మళ్లీ రాజ్యాంగాన్ని సవరించి ఆ నిషేధాన్ని ఎత్తేసిందని మొదటి పాఠకుడు తన వాదనకు బలంగా చూపారు. నిజమే, కాని మన దగ్గర సర్కారు సారా దుకాణం మాత్రం 1993 తర్వాత మళ్లీ తెరుచుకోలేదని కూడా ఆయన గుర్తు చేసుకోవాలి.

ఎక్కువమంది ఇష్టపడితేనే చట్టం అన్న మాట ఒప్పుకుంటే ఏం జరుగుతుందో ములుగు, ఏటూరునాగారం ఏజెన్సీకి పోయి చూడవచ్చు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు తప్ప మరెవరికీ చేతులు మారకూడదని, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలని 1970 నాటి నిబంధన చెబుతుంది. మనం మాటల్లో 1 ఆఫ్ 70 అనేది అదే. గిరిజనేతరులు ఎక్కువగా స్థిరపడిన ఊళ్లో ఆ చట్టం మీద చేతులెత్తమంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. అది ఎవరి రక్షణ కోసమో వాళ్లు అక్కడ తక్కువమంది కాబట్టే ఆ చట్టం అవసరమైంది.

అంటరానితనం విషయం నా కళ్లతో చూసింది. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో దళితుల గ్లాసులు వెనక గోడ గూట్లో వేరుగా ఉండేవి. తాగినవాడే కడిగి బోర్లించి పోవాలి. రాజ్యాంగం 17వ అధికరణం అప్పటికే వచ్చింది, 1955 చట్టమూ ఉంది. హోటలు యజమాని చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనేవారు కాదు, ఆ గ్లాసుల వైపు మేమంతా చూసేవాళ్లం, అదేదో గోడలో భాగమైనట్టు. చాలా ఏళ్లకు, చదువుకుని వచ్చిన ఒక యువకుడు గూట్లో గ్లాసు ముట్టుకోకుండా బల్ల మీది గ్లాసులో చాయ్ అడిగాడు. మాటా మాటా పెరిగింది. అతను కాగితం రాసి మండలాఫీసులో ఇచ్చాడు, వాడకట్టంతా వెంట నిలబడింది, అధికారులు వచ్చారు, గూడు ఖాళీ అయింది. ఊరంతా మనసు మార్చుకున్నాకే చట్టం రావాలనుకుంటే ఆ గ్లాసులు ఇంకా గూట్లోనే ఉండేవి. మనసులు కొంత మారాయి గాని, అది గ్లాసులు కలిసిన తర్వాత మారింది. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, ఎందుకంటే నేను కూడా ఆ చూసినవాళ్లలో ఒకణ్ని.

కట్నం గురించి రెండు మాటలు చాలు. 1961 చట్టం తీసుకున్నవారితో పాటు ఇచ్చినవారిదీ నేరమే అంది. ఇరువైపులా నేరమే అయినప్పుడు పెళ్లి నిలిచి ఉన్నంతకాలం ఫిర్యాదు చేసేదెవరు? కాపురం కూలాకో ప్రాణం పోయాకో మాత్రమే ఆ కాగితాలు మా బెంచి మీదికి వచ్చేవి.

బాల్యవివాహాల చట్టానికి మాత్రం కొంత దారి దొరికింది, అది ఎలా దొరికిందో ఆలోచించాలి. 1929 శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలంది, 1978లో దాన్ని 18 చేశారు, 2006లో కొత్త చట్టం వచ్చింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేలింది. మొదటి చట్టం వచ్చి 90 ఏళ్లయినా నలుగురిలో దాదాపు ఒకరు! నా భార్య ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఒకరోజు తన పెళ్లి శుభలేఖ తానే తెచ్చి, పుస్తకంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా బల్ల మీద ఉంచి వెళ్లింది. నా భార్య పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేసింది, అధికారులు వచ్చి పెళ్లి ఆపారు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఊరి బస్టాండులో ఆమెతో మాట్లాడినవారు లేరు. పిల్ల పదో తరగతి పాసైంది, ఆమె బదిలీ అడిగి వచ్చేసింది. ఆమె ఒక్కతే మోసిన ఆ భారాన్ని తగ్గించిన పని ఒకటి ప్రభుత్వం చేసిందని నేను ఒప్పుకుంటాను. 2014 అక్టోబరులో మొదలైన కల్యాణలక్ష్మి సాయం 51 వేల రూపాయల నుంచి 2018 నాటికి 1,00,116 రూపాయలైంది, పెళ్లి నాటికి పిల్లకు 18 నిండితేనే అది వస్తుంది. “ఇంకొక్క ఏడాది ఆగితే పైసలొస్తయి గదా” అని తల్లులు భర్తలతో, అత్తమామలతో అనడం నేను మా బంధువుల ఇళ్లలోనే విన్నాను. పిల్లను చదివించాలి అని వాదించే ధైర్యం లేని తల్లికి కూడా ఇంట్లో చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది. పెళ్లికి డబ్బిచ్చే పథకం కట్నాన్ని ప్రోత్సహిస్తోందన్న విమర్శ ఉంది, అందులో నిజం లేకపోలేదు. కాని చట్టానికి ఇంటి లోపల ఒక మనిషిని మద్దతుగా ఎలా సంపాదించవచ్చో అది చూపింది.

దానికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2024 మేడారం జాతరకు ముందు అమ్మవార్లకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, మొక్కు చెల్లించడానికి వరంగల్ బీట్‌బజారులో బెల్లం కొనబోతే, కొట్టు యజమాని ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు అడిగాడు. గుడుంబాకు పోతుందేమోనని ఎక్సైజు వారి ఆదేశమట. ఉద్దేశం నాకు అర్థమైంది, ఇచ్చాను. నా వెనక వరుసలో ఉన్న ముసలమ్మ దగ్గర జిరాక్స్ లేదు. దేవతకు మొక్కుకున్న బెల్లానికి కూడా దొంగలాగా కాగితం చూపించాలా బిడ్డా అని ఆమె అడిగితే కొట్టువాడి దగ్గర గాని నా దగ్గర గాని జవాబు లేదు. ఊళ్లో గుడుంబా బట్టీ పెడితే తిట్టి ఆపగలిగింది ఆమెలాంటి పెద్ద ముత్తైదువలే. అటువంటి మనుషులను అనుమానితుల వరుసలో నిలబెట్టి చట్టం బాగుపడదు.

కనుక బెల్టు షాపుల విషయంలో చట్టాన్ని తీసేయమనీ అనను, లాఠీ పెంచమనీ అనను. నోరు విప్పిన మనిషి మర్నాడు ఊళ్లో తలెత్తుకుని తిరగగలిగే ఏర్పాటు చేయమంటాను. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి అన్ని రాష్ట్రాలూ పాటించాలని చెప్పింది, కొత్త సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ తన పథకం తయారు చేసుకోవాలంది. అవి పెద్ద నేరాలను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి, నేను చెప్పిన కిరాణా కొట్టు మనిషి వాటి కంటికి ఆనడు. అటువంటివాడికి కావలసింది తుపాకీ కాపలా కాదు. సోదాకు ఒక్కణ్ని పిలవకుండా మహిళా సంఘం, పంచాయతీ వార్డు సభ్యులు కలిసి పదిమందిగా రావడం, విచారణ ఏళ్ల తరబడి వాయిదా పడకుండా నెలల్లో ముగియడం, కోర్టు ఖర్చులు ఆ రోజే చేతికి అందడం ఆయనకు చాలు. సోదాను వీడియో తీయాలని అదే సంహిత 105వ సెక్షన్ ఇప్పుడు చెబుతోంది కాబట్టి, పానకం పారబోశారా లేదా అన్నది ఒక్క మనిషి నోటి మీద ఆధారపడవలసిన అవసరం కూడా తగ్గుతుంది. అయితే మద్యం అమ్మకాల రాబడి మీద ఇంతగా ఆధారపడిన ప్రభుత్వం బెల్టు షాపును నిజంగా మూయించాలనుకుంటుందా అన్న అనుమానం పల్లెలో ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ అనుమానం పోగొట్టే పని జనానిది కాదు, ప్రభుత్వానిది.

మా స్వగ్రామంలో ఈ ఏడాది గ్రామసభ కూడి బెల్టు షాపులు వద్దని తీర్మానం చేసింది. కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో వెనక వరుసలో బీరు సీసాలు పెట్టి అమ్మే రెండు కొట్ల గురించి పేర్లతో సహా రాశారు. 140 మంది సంతకాలు, వేలిముద్రలు వేశారు, వాటిలో ఎక్కువ ఆడవాళ్లవే. ఆ ఇద్దరు కొట్టువాళ్ల వదినలూ, అక్కలూ కూడా వేలిముద్రలు వేసినవారిలో ఉన్నారు. ఆ కాగితం నకలును సంబంధిత కార్యాలయంలో ఇచ్చి నాలుగు నెలలైంది. మూడుసార్లు వెళ్లి అడిగాను. అది అందినట్టు రసీదు ఇంకా ఇవ్వలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయస్థాన ఉద్యోగి,
హనుమకొండ.